మీ దుకాణానికి రంగు ఇప్పటికే ఉంది

ఎరుపు ఆకలి పుట్టిస్తుందట. నీలం నమ్మకం కలిగిస్తుందట. ఆకుపచ్చ అంటే ఆరోగ్యం, ఊదా అంటే దర్జా, నలుపు అంటే ఖరీదు, పసుపు అంటే సంతోషం. ఒక చక్రం గీసి, ఒక్కో గడిలో పెద్ద పెద్ద కంపెనీల లోగోలు సర్దిన ఆ బొమ్మ మీ ఫోన్‌లోకి కూడా ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. తిరుపతిలో చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా పని కాబట్టి నా దగ్గరికి అది కస్టమర్ల చేతుల్లో వస్తుంది. "ఇది చూసి చెప్పన్నా, మనకేది సూటవుతుందో" అని ఫోన్ నా ముందు పెడతారు.

ఈమధ్య అలా పెట్టినాయన ట్రావెల్స్ నడుపుతాడు. సొంత బండ్లు కొన్ని, బ్రహ్మోత్సవాలప్పుడు బయట నుంచి మాట్లాడుకునేవి ఇంకొన్ని. "మన లైన్‌లో నమ్మకమే కదన్నా ముఖ్యం. బ్లూ పెట్టేయ్" అన్నాడు. ఊళ్ళో ఉన్న మిగతా ట్రావెల్స్ సైట్లు వరసగా తెరిచి చూపించాను. నీలం, ముదురు నీలం, మళ్ళీ నీలం, నీలం మీద ఏడుకొండల బొమ్మ. "అందరూ పెట్టినారంటే మనమూ పెట్టాల్సిందే గదన్నా" అన్నాడు ఏమాత్రం తడబడకుండా.

నిజానికి అది తీసిపారేయాల్సిన మాటేమీ కాదు. బ్యాంకుకు వెళ్ళేవాడు బ్యాంకులా కనిపించే చోటికే వెళ్తాడు. కానీ ఆ రోజు నుంచి ఈ విషయం మీద నాకున్న అభిప్రాయం ఒకసారి వివరంగా రాసి పెట్టుకోవాలనిపించింది. అదేమిటంటే, ఊళ్ళో కొన్నేళ్ళుగా నడుస్తున్న చిన్న వ్యాపారానికి కొత్తగా రంగు ఎంచుకోవాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. బోర్డు మీదో, కవరు మీదో, బండి డోరు మీదో, బిల్లు పుస్తకం అట్ట మీదో ఆ రంగు ఇప్పటికే ఉంటుంది. కస్టమర్లు దాన్నిబట్టి మిమ్మల్ని గుర్తుపడుతూనే ఉంటారు. అదేదో కనుక్కుని, చదవడానికి వీలుగా సైటులోకి తెచ్చుకుంటే చాలు.

చక్రం చెప్పే కథలు

ముందు ఆ చక్రం సంగతి తేల్చేద్దాం. అందులో నీలం గడిలో ఫేస్‌బుక్ ఉంటుంది, నమ్మకానికి ఉదాహరణగా. మార్క్ జుకర్‌బర్గ్‌కు ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు. తనకు బాగా కనిపించేది నీలమేనని ఆయనే 2010లో ఒక అమెరికన్ పత్రికకు చెప్పాడు. అంటే ఆ నీలం వెనక ఉన్నది కంటి డాక్టరు చెప్పాల్సిన కారణం. నమ్మకం అనే వ్యాఖ్యానం తర్వాత వచ్చి అతుక్కుంది. ఇంకా చెప్పాలంటే, ఫేస్‌బుక్‌ను జనం నమ్మారా లేదా అన్నది వేరే పెద్ద చర్చ.

ఎరుపు, పసుపు కలిస్తే ఆకలి అంటూ మెక్‌డొనాల్డ్స్‌ను చూపిస్తారు. 2009లో జర్మనీలో అదే మెక్‌డొనాల్డ్స్ తన ఎరుపు తీసేసి ముదురాకుపచ్చ వేసుకోవడం మొదలుపెట్టింది. పర్యావరణం మీద శ్రద్ధ ఉన్నట్టు కనిపించాలని. బర్గర్లు తినడం ఎవరూ మానలేదు. బ్యాంకులన్నీ నీలమే అంటారు. స్టేట్ బ్యాంకు నీలమే, కానీ యాక్సిస్ మెరూన్, కోటక్ ఎరుపు, ఐసీఐసీఐ నారింజ. డబ్బు వేసేటప్పుడు ఎవరూ లోగో రంగు చూసి వెనక్కి తగ్గినట్టు నేను వినలేదు.

మనవైపు ఇంతకంటే మంచి ఉదాహరణే ఉంది. పంచాయతీ ఆఫీసుల రంగుల గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. 2020లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ గోడల మీది అధికార పార్టీ రంగులు తీసేయమంటే, ప్రభుత్వం ఉన్న మూడు రంగులకు మట్టి రంగు ఒకటి చేర్చి కొత్త ఉత్తర్వు తెచ్చింది. ఆకుపచ్చ పంటలకట, నీలం నీళ్ళకట, తెలుపు పాలకట, మట్టి రంగు నేలకట. హైకోర్టు ఒప్పుకోలేదు, సుప్రీంకోర్టులోనూ నిలబడలేదు. రాజకీయం పక్కన పెట్టండి. నాకు ఆసక్తి ఆ వివరణ మీద. ఏ రంగుకైనా ఒక పూటలో అర్థం అల్లేయొచ్చు, అది వినడానికి సబబుగానే ఉంటుంది. గోడ చూసిన ఊరివాళ్ళకు మాత్రం ముందే తెలిసిన అర్థమే కనిపిస్తుంది. డిజైనర్లం మేము రాసిచ్చే "మీ రంగు ఎందుకంటే" అనే పేజీలు కూడా చాలావరకు ఆ ఉత్తర్వు లాంటివే.

అలాగని రంగులకు అర్థమే లేదంటే అదీ తప్పే. పెళ్ళిపత్రికలు అచ్చేసే ఆయన సైటుకు నలుపు నేపథ్యం పెడితే ఆయన పాతికేళ్ళ కొడుకు మెచ్చుకుంటాడేమో గానీ, పత్రిక ఎంచుకోవడానికి వచ్చే మేనత్త ఫోన్ పక్కన పెట్టేస్తుంది. అదే నలుపు పక్క సందులోని ఫొటో స్టూడియోకు దివ్యంగా ఉంటుంది, అదే పెళ్ళి ఫొటోలతో. కాబట్టి అర్థం ఉంది, అయితే అది రంగు ఒక్కదానిలో లేదు. ఏ వస్తువు, ఏ సందర్భం, ఎవరు చూస్తున్నారు అన్నవన్నీ కలిస్తే వస్తుంది. చక్రంలో ఇవేవీ ఉండవు.

పసుపు వేస్తే ఒకరు, నీలం వేస్తే ఒకరు

పార్టీల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. బెంగళూరులోనో ముంబైలోనో కూర్చుని రాసే రంగుల పాఠాల్లో ఈ చిక్కు కనిపించదు. మన దగ్గర పసుపు ఒక పార్టీది. నీలం, ఆకుపచ్చ, తెలుపు పక్కపక్కన పెడితే ఇంకో పార్టీది. కాషాయం ఇంకొకరిది. ఎరుపు తెలుపులకు కూడా ఇప్పుడు యజమానులున్నారు. విడిగా ఉంటే ఎవరూ పట్టించుకోరు, జతగా వచ్చినప్పుడే తంటా.

చిత్తూరు రోడ్డులో పాల ఉత్పత్తులు అమ్మే ఒకాయనకు లేత నీలం, ఆకుపచ్చ, తెలుపుతో లోగో గీసి చూపించాను. పాలు, గడ్డి, ఆకాశం అని నా మనసులో ఉంది. ఆయన చాలాసేపు చూసి, "బాగుండాది. కానీ ఎలక్షన్లకు ముందొక రంగు, తర్వాతొక రంగు వేసుకోలేను గదబ్బా" అన్నాడు. ఆకుపచ్చ తీసేశాం. పసుపు పెడదామా అంటే నవ్వాడు. చివరికి ఆయన పాల క్యాన్ల మూతల మీద ముందు నుంచీ ఉన్న ఇటుక రంగుకే వచ్చి ఆగాం. ఆ క్యాన్లు తెల్లారుజామున ఏ హోటలు ముందు దిగినా ఎవరివో వంటవాళ్ళకు తెలుసు.

పసుపు విషయంలో నాకింకా సందేహం తీరలేదు. పసుపు, కుంకుమ ఏ పార్టీ పుట్టకముందు నుంచీ మన గడపల మీద ఉన్నవి. తిరుచానూరు కుంకుమ తీసుకెళ్ళే మనిషికి ఆ జత అమ్మవారిదే. పూజాసామగ్రి దుకాణం ఆ రంగులు పెట్టుకుంటే ఎవరూ వేరేగా అనుకోరు. అదే జత రియల్ ఎస్టేట్ ఆఫీసు పెట్టుకుంటే మాత్రం తప్పకుండా ఏదో అనుకుంటారు. ఈ గీత ఎక్కడుందో ముందే చెప్పగలిగే సూత్రం నాకు దొరకలేదు. పక్క దుకాణం వాళ్ళను అడగడం కంటే మంచి పద్ధతి లేదు.

తిరుపతికే ప్రత్యేకమైన ఇంకో కష్టం నామం. లాడ్జీ, హోటలు, ట్రావెల్స్, మెడికల్ షాపు, అన్నిటి మీదా నామమో శంఖుచక్రాలో గోపురమో ఉంటాయి. భక్తి మీద నాకు పేచీ లేదు. కానీ రైలు దిగి విష్ణు నివాసం ముందు నిలబడినవాడికి చుట్టూ ఉన్న బోర్డులన్నీ తెలుపు, ఎరుపు, బంగారు రంగుల్లో ఒక్కలాగే కనిపిస్తాయి. మీ పేరు అతనికి గుర్తుండాలంటే స్వామివారు సాయం చేయరు, ఆయన అందరివాడు.

చిలకపచ్చ గీత

ట్రావెల్స్ ఆయన దగ్గరికి మళ్ళీ వస్తాను. నీలం గురించి వాదించుకుంటున్నప్పుడే ఆయనకు డ్రైవరు నుంచి ఫోన్ వచ్చింది. చెన్నై నుంచి వచ్చిన కుటుంబం స్టేషన్ బయట బండి వెతుక్కుంటున్నారట. ఈయన వాళ్ళకే నేరుగా ఫోన్ చేసి, తమిళం తెలుగు కలిపి మాట్లాడాడు. "వైట్ ఇన్నోవా సామీ... ఆ, అన్నీ వైట్ ఇన్నోవాలే... డోరు మీద చిలకపచ్చ గీతుంటాది చూడండి. ఆఁ, అదే, అదే. దానికాడికే రండి."

ఫోన్ పెట్టేసి, "ఎక్కడున్నాం మనం? బ్లూ" అన్నాడు.

ఆ గీత ఎందుకు వేయించారని అడిగాను. స్టిక్కర్ల షాపాయన మిగిలిపోయిన రోల్ నుంచి వేశాడట, రేటు తక్కువని. డ్రైవర్లు మాత్రం అప్పట్నుంచి యాత్రికులకు దాన్నే గుర్తు చెబుతున్నారు. అలిపిరి టోల్‌గేటు దగ్గర చెకింగ్ అయ్యాక సామాన్లతో బండి వెతుక్కునేవాళ్ళూ ఆ గీతనే చూస్తారు. అంత పని చేస్తున్న రంగు ఆయన విజిటింగ్ కార్డు మీద లేదు, వాట్సాప్ బొమ్మలో లేదు, కొత్త సైటులో ఆయన కోరిన నీలంలోనూ లేదు. బుక్ చేసుకున్న మనిషి ఇంట్లో కూర్చుని నీలం సైటు చూసి, స్టేషన్‌లో దిగి నీలం కోసం వెతుకుతాడు. ఈ మాట చెప్పాక ఆయన కాస్త మెత్తబడ్డాడు. అయినా, "చిలకపచ్చ మరీ చీప్‌గా ఉంటుందేమో అన్నా" అన్నాడు.

అది నిజమే, పేజీ అంతా చిలకపచ్చ పూస్తే చూడలేం. కానీ గుర్తుపట్టడానికి కావాల్సింది గీతంతే. తెల్లటి పేజీ, నల్లటి అక్షరాలు, పైన అడ్డంగా ఆ గీత, బుకింగ్ బటన్ చుట్టూ అదే రంగు. బండి ఎలా ఉందో పేజీ అలా ఉంది. ఎంత రంగు వాడాలన్న ప్రశ్న, ఏ రంగు వాడాలన్న ప్రశ్న కంటే పెద్దదని నాకు రానురానూ గట్టిగా అనిపిస్తోంది.

మెరూన్ డబ్బా

అయితే ఒక గట్టి అభ్యంతరం ఉంది. అది నాకు చిత్తూరులో ఎదురైంది. అక్కడొక పాత మిఠాయి దుకాణం. డబ్బా మెరూన్, మీద లేత పసుపు అక్షరాలు. ఊళ్ళో చాలా ఇళ్ళలో ఆ డబ్బా మిఠాయి అయిపోయాక కూడా ఉంటుంది. ఫ్రిజ్ మీద ఒకటి, అందులో గుండీలు, సూదిదారం, కరెంటు బిల్లులు. పెద్దాయనను ఆ రంగు కథ అడిగితే, "అప్పుడు ప్రెస్సాయన కాడ ఆ ఇంకే మిగిలుండాదంట. తక్కువకు కొట్టిస్తా అన్నాడు, సరే అన్యా" అన్నాడు. ఇదీ స్టిక్కరు రోల్ లాంటి కథే. ఎవరూ ఆలోచించి పెట్టింది కాదు.

ఆయన కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు, సైటు పని అతనిదే. లేత గులాబీ, బూడిద కలిసిన పచ్చ, అలాంటివి కావాలన్నాడు. "మెరూన్ చూస్తే ఎవరిదో పెళ్ళిపత్రిక తెరిచినట్టుంది బ్రో" అన్నాడు. అంతవరకైతే కొట్టిపారేసేవాణ్ణే. తర్వాత అన్న మాట మాత్రం ఆలోచించాల్సింది. "షాపుకొచ్చేవాళ్ళకు సైటెందుకు? సైటు చూసేవాళ్ళు ఎప్పుడూ ఆ డబ్బా చూడనివాళ్ళు. వాళ్ళకు ఆ రంగు మీద జ్ఞాపకమేముంటుంది?"

ఇది సరైన ప్రశ్న. నా వాదన అంతా గుర్తింపు మీద నిలబడి ఉంది, గుర్తింపే లేనివాడి దగ్గర అది పనిచేయదు. అందుకని కొరియర్‌లో వెళ్ళిన పాత ఆర్డర్ల చిరునామాలు తీసి చూద్దాం అన్నాను. అతనే చూశాడు. ఎక్కువ భాగం బెంగళూరు, చెన్నై, హైదరాబాద్, కానీ ఇంటిపేర్లూ ఫోన్‌లో మాట్లాడిన యాసా అన్నీ మనవైపువే. చిత్తూరు, పలమనేరు, పుంగనూరు నుంచి ఉద్యోగాలకు వెళ్ళినవాళ్ళు. వాళ్ళు కొనేది మైసూర్‌పాకే అయినా, ఆ డబ్బా ఇంటికి రావడంలో వాళ్ళకు ఇంకేదో ఉంది. లేత గులాబీ డబ్బాలో వస్తే అదే మైసూర్‌పాక్ వాళ్ళకు వేరే దుకాణంది అవుతుంది.

మిగతా కొద్దిమంది విషయంలో అతను చెప్పిందే రైటు. వాళ్ళకు మెరూన్ అయినా ఒకటే, ఇంకోటైనా ఒకటే. వాళ్ళను ఆపేది రంగు కాదు, మిఠాయి ఫొటో. ట్యూబ్‌లైట్ కింద తీసిన ఫొటోలో జాంగ్రీ పాలిపోయి కనిపిస్తుంది. పొద్దున కిటికీ పక్కన పెట్టి మళ్ళీ ఫొటోలు తీయించాం. మెరూన్ ఉంచి, వెనక తెలుపు బదులు మీగడ రంగు వేశాం. కొడుక్కి పూర్తిగా నచ్చలేదు. తండ్రికి అసలు ఏం మారిందో అర్థం కాలేదు. ఆయనకు అర్థం కాకపోవడం నాకు మంచి గుర్తుగానే తోచింది.

ఇలా కాకతాళీయంగా వచ్చిన రంగుకు కూడా వాడగా వాడగా విలువ వస్తుందని కోర్టులు సైతం ఒప్పుకున్నాయి. మన 1999 ట్రేడ్‌మార్క్స్ చట్టం రంగుల కలయికను కూడా గుర్తుగా పరిగణిస్తుంది. పళ్ళపొడి డబ్బా మీద ఎరుపు తెలుపుల అమరిక గురించి కోల్గేట్ వేసిన కేసులో 2003లో ఢిల్లీ హైకోర్టు యాంకర్ అనే పోటీ కంపెనీని ఆ అమరిక వాడకుండా ఆపింది. చిత్తూరు మిఠాయి దుకాణం ఎవరిమీదా కేసు వేయబోదు, వేయాల్సిన పనీ లేదు. కానీ పెద్ద కంపెనీ లాయర్లను పెట్టి కాపాడుకునే వస్తువును చిన్న దుకాణం "పాతబడింది" అని తనంతట తాను వదిలేసుకోవడం చూస్తే బాధేస్తుంది.

సరుకే రంగైనప్పుడు

శ్రీకాళహస్తి కలంకారీ అమ్మే ఒక అక్కయ్య సైటు విషయంలో సమస్య పూర్తిగా తిరగబడింది. ఆమె దగ్గర రంగుకు కొదవ లేదు, ఉన్నదంతా రంగే. సైటు పైభాగం నిండా మిలమిలలాడే ఎరుపు వేయించుకుంది, ఇంకెవరో చేసిపెట్టారు. సైటు చూసినవాళ్ళ నుంచి ఫిర్యాదులు రెండు రకాలు. "ఫొటోలో చీర వెలిసినట్టుంది" అని కొనకుండా పోయినవాళ్ళు కొందరు, "ఎరుపు అనుకున్నాం, ఇటుక రంగు వచ్చింది" అని తిప్పి పంపినవాళ్ళు కొందరు.

కలంకారీ ఎరుపు చెట్ల వేర్ల నుంచి, పటిక పట్టుతో వచ్చేది. నలుపు ఇనుప ముక్కలు, బెల్లం నానబెట్టి ఊరించిన కసిమి. బట్టను ముందే కరక్కాయ, గేదెపాలలో ముంచుతారు కాబట్టి తెలుపు కూడా నిజానికి తెలుపు కాదు, పండిన మీగడ రంగు. ఇంత నెమ్మదైన రంగుల పక్కన స్క్రీన్ మీది నిప్పులాంటి ఎరుపు పెడితే ఏమవుతుందో చెప్పడానికి డిజైనర్ అక్కర్లేదు. పారిస్‌లో గోబ్లాన్ నేత కార్ఖానాలో అద్దకాల విభాగం బాధ్యత చూసుకున్న షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్తకు ఇలాంటి ఫిర్యాదే వచ్చింది, నల్ల దారం నల్లగా ఉండటం లేదని. అద్దకంలో లోపం లేదు, పక్కనున్న నీలం, ఊదా దారాల వల్ల కంటికి అలా కనిపిస్తోందని ఆయన తేల్చాడు. 1839లో దాని మీద పెద్ద పుస్తకమే వేశాడు. పక్క రంగు మారితే మన రంగు మారుతుంది. నేతగాళ్ళకు ఇది రోజూ అనుభవమే. వెబ్‌సైట్లు చేసేవాళ్ళం మాత్రం రంగుల కోడ్ ఒక్కటే ఉంటే రంగు ఒక్కటే అనుకుంటాం.

ఆ సైటులో ఎరుపంతా తీసేశాం. కరక్కాయ పట్టించిన బట్ట రంగు వెనక, కసిమి గీత లాంటి నలుపు అక్షరాలకు, అంతే. ఆమెకు మొదట్లో బోసిగా అనిపించింది. "ఏందయ్యా, బొట్టు లేని ముఖంలా ఉండాది" అంది. చీరల ఫొటోలు ఎక్కించాక ఇంకేమీ అనలేదు.

మిట్టమధ్యాహ్నం, బస్టాండు

రంగు ఏదైనా సరే, అది చదవడానికి అడ్డం రాకూడదు. ఇక్కడ మాత్రం అభిప్రాయాలకు చోటు లేదు, లెక్క ఉంది. అక్షరానికీ నేపథ్యానికీ వెలుగులో ఎంత తేడా ఉందో కొలిచే నిష్పత్తి ఒకటుంది. తెలుపు మీద నలుపు అయితే 21. మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5, పెద్ద అక్షరాలకు 3 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. లెక్క కట్టిపెట్టే సైట్లు ఉచితంగానే దొరుకుతాయి.

మనవాళ్ళకు ఇష్టమైన జతల్ని ఆ లెక్కలో పెట్టి చూడండి. స్వచ్ఛమైన పసుపు మీద తెల్ల అక్షరాలు 1.1 కూడా రావు, అంటే దాదాపు ఏమీ రాయనట్టే. స్వచ్ఛమైన ఎరుపు మీద తెలుపు 4 దగ్గర ఆగిపోతుంది, కొద్దిలో తప్పుతుంది. అదే ఎరుపును కాస్త ముదురు చేసి కుంకుమ వైపు తెస్తే 6 దాటుతుంది. మెరూన్ మీద తెలుపు దాదాపు 11, పసుపు మీద మెరూన్ అక్షరాలు 10 పైమాటే. ఆ చిత్తూరు ప్రెస్సాయన మిగిలిపోయిన ఇంకుతో ఈ పరీక్ష ఎప్పుడో పాసైపోయాడు.

లెక్క ఒప్పుకోని కస్టమర్లకు నేను ఇంకో పని చెబుతాను. మధ్యాహ్నం శ్రీనివాసం ఎదురుగా బస్టాండు దగ్గర నిలబడి, ఫోన్ బ్రైట్‌నెస్ సగంలో పెట్టి, మీ సైటులో మీ ఫోన్ నంబరు వెతకండి. మీ కస్టమరు చూసేది అలాగే. ఏసీ గదిలో, పెద్ద మానిటర్ ముందు, కాఫీ తాగుతూ కాదు. ఒక లాడ్జీ ఓనరుకు బంగారు రంగు మీద తెల్లగా నంబరు కావాలని పట్టు. ఎండలోకి తీసుకెళ్ళి చూపించాను. కళ్ళు చికిలించి, చేత్తో నీడ పట్టి, చివరికి తన నంబరు తానే నోటికి చెప్పేశాడు, చదివినట్టుగా. ఇద్దరం నవ్వుకున్నాం. నంబరు నలుపులోకి మారింది.

రంగు అచ్చంగా అదే రావాలని పట్టుబట్టడం వల్ల కూడా లాభం లేదు. సాయంత్రం అయితే కొన్ని ఫోన్ల స్క్రీన్లు వాటంతటవే పసుపుపచ్చగా మారిపోతాయి, తక్కువ రకం స్క్రీన్లలో మెరూన్ గోధుమగా కనిపిస్తుంది. స్క్రీన్ వెలుగుతో రంగు చూపిస్తుంది, ఫ్లెక్స్ ఇంకుతో. స్క్రీన్ మీద మెరిసే కొన్ని నీలాలు, పచ్చలు మామూలు నాలుగు ఇంకుల ప్రింటింగులో రానే రావు. అందుకే నేను రంగును కంప్యూటర్లో మొదలుపెట్టను. అన్నిటికంటే మొండి వస్తువు ఏదో చూస్తాను. ఒకే రంగులో ప్రింటయ్యే గుడ్డ సంచీ కావచ్చు, ఆటో వెనక పెయింటు కావచ్చు. దాని మీద బాగా వచ్చిన రంగును స్క్రీన్ మీదికి తేవడం తేలిక. తిరగేసి చేస్తే ఫ్లెక్స్ షాపులో కొట్లాటే.

కొత్తగా పెట్టేవాళ్ళు

కొత్త వ్యాపారానికి పాత డబ్బా ఉండదు కదా అని అడుగుతారు. ఉండదు. అప్పుడు నేను వీధి చూడమంటాను. మీ దుకాణం వచ్చే సందులో రెండువైపులా బోర్డులు ఫొటో తీసుకోండి. ఫోన్‌లో మీలాంటి వ్యాపారం వెతికితే ముందు వచ్చే సైట్లు చూడండి. ఆ రెండింటిలో ఎవరూ పట్టుకోని రంగేదో అది తీసుకోండి. పార్టీ జత కాకూడదు, పెయింటు షాపు షేడ్ కార్డులో దొరకాలి, లెక్కలో 4.5 దాటాలి. ఇంతకుమించి ఆలోచించినా ఒరిగేది తక్కువ. గూగుల్ తన లింకులకు 41 రకాల నీలాలు పరీక్షించిందని 2009లో పెద్ద చర్చ జరిగింది, విసిగిపోయిన ఒక డిజైనర్ ఉద్యోగమే వదిలేశాడు. కోట్లమంది నొక్కే లింకులో వెంట్రుకవాసి తేడా కూడా డబ్బే. రోజుకు వందమంది కూడా చూడని సైటులో అలాంటి పరీక్ష ఏమీ తేల్చదు. అది నచ్చిందా ఇది నచ్చిందా అని కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఓటింగ్ పెట్టడమూ అంతే, పెద్ద మామయ్య రంగే గెలుస్తుంది.

"రంగు మాదే అయితే నీకు డబ్బులెందుకు?"

ఇది ట్రావెల్స్ ఆయన చివర్లో అడిగిన ప్రశ్న. నవ్వుతూనే అడిగాడు గానీ, బిల్లు ఇంకా బాకీ ఉంది కాబట్టి జవాబు సీరియస్‌గానే చెప్పాల్సి వచ్చింది.

బ్రాండు రంగు ఒక్కటే ఉంటుంది. సైటుకు మాత్రం దాని చుట్టూ చాలా కావాలి. లింకుకు ఒకటి, నొక్కిన బటన్‌కు ఒకటి, నొక్కడానికి వీల్లేని బటన్‌కు ఒకటి, తప్పు నింపిన గడికి ఒకటి, డబ్బు అందిందని చెప్పడానికి ఒకటి. ఎర్ర బ్రాండు ఉన్న దుకాణంలో "పేమెంట్ ఫెయిలైంది" అనే మాట కూడా ఎరుపులోనే వస్తే ఎవరూ గమనించరు, పేజీ అంతా ఎరుపే కదా. చిలకపచ్చ బ్రాండు ఉంటే "బుకింగ్ ఖాయమైంది" అనే పచ్చ గుర్తు కూడా అందులో కలిసిపోతుంది. ఒక లాడ్జీ సైటులో గదులు ఖాళీగా ఉన్న తేదీలు పచ్చగా, నిండినవి ఎర్రగా ఉండేవి, మాట ఒక్కటీ లేకుండా. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివాళ్ళు మగవాళ్ళలోనే ఎక్కువ, మన దగ్గర గదులు బుక్ చేసేదీ ఎక్కువగా వాళ్ళే. ఆ క్యాలెండర్ వాళ్ళకు నెలంతా ఒకే రంగు. "ఖాళీ", "నిండింది" అని రెండు మాటలు చేర్చాక లాడ్జీకి ఫోన్లు తగ్గాయని మేనేజరు చెప్పాడు.

ఇవన్నీ చెప్పి, బుకింగ్ పేజీలో ఖాయమైన బుకింగ్‌కు ముదురు నీలం టిక్కు, పక్కనే "ఖాయం" అని మాట పెట్టిన చోటు చూపించాను.

"అంటే బ్లూ పెట్టినావన్నమాట" అన్నాడు. బాకీ మాత్రం ఇంకా ఇవ్వలేదు.